పౌరుష గ్రంథి క్యాన్సర్: ఇంటి పెద్దలలో గమనించవలసిన హెచ్చరికలు

50 సంవత్సరాలు దాటిన పురుషులలో చాలామందికి మూత్ర సంబంధమైన చిక్కులు ఏదో ఒక స్థాయిలో ఆరంభమవుతాయి. రాత్రివేళ రెండు మూడు పర్యాయాలు లేవవలసి వస్తుంది. ధార సన్నబడుతుంది. మూత్రం వచ్చినట్లే వచ్చి ఆగిపోతుంది. వయసు మీద పడిందనో, వేడి చేసిందనో, మధుమేహం కావచ్చుననో ఇంటిలోనివారు సరిపెట్టుకొంటారు. బార్లీ నీరు, సబ్జా గింజలు, పల్లేరు కషాయం మొదలవుతాయి. వీటితో కొంత ఉపశమనం కలగవచ్చు. అయితే ఉపశమనం కలిగినంత మాత్రాన వ్యాధికి మూలకారణం తెలిసినట్లు కాదు.

ఈ లక్షణాలలో అధికభాగం ప్రాణభయం లేని గ్రంథి వాపు వలన కలిగేవే. కొద్దిమందిలో మాత్రం వాటి వెనుక పౌరుష గ్రంథి క్యాన్సర్ ఉండవచ్చు. కేవలం లక్షణాలను బట్టి ఈ రెండింటినీ వేరుచేయడం రోగికే కాదు, అనుభవజ్ఞుడైన వైద్యునికి కూడా సాధ్యం కాదు. అందుకు పరీక్షలు అవసరం. ఈ విషయాన్ని ప్రతి కుటుంబమూ తెలుసుకొనడం ఎందుకు ముఖ్యమో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

పౌరుష గ్రంథి అనగా ఏమిటి?

ప్రోస్టేట్ గ్రంథినే తెలుగులో పౌరుష గ్రంథి అంటారు. ఇది పురుషులకు మాత్రమే ఉంటుంది. మూత్రాశయానికి దిగువన, పురీషనాళానికి ముందుభాగంలో, మూత్రనాళం మొదటి భాగాన్ని చుట్టుకొని ఉంటుంది. యౌవనంలో దీని పరిమాణం పెద్ద ఉసిరికాయంత; బరువు సుమారు 20 గ్రాములు. శుక్రంలోని ద్రవభాగంలో కొంత ఇక్కడే తయారవుతుంది. ఈ గ్రంథి పెరుగుదలకు పురుష హార్మోను అయిన టెస్టోస్టెరోన్ అవసరం. వృషణాల నుండి వచ్చే ఈ హార్మోను ప్రభావాన్ని తగ్గిస్తే ముదిరిన పౌరుష గ్రంథి క్యాన్సర్ సైతం వెనుకంజ వేస్తుందని 1941లో చార్లెస్ హగ్గిన్స్ నిరూపించారు. ఈ పరిశోధనకు 1966లో ఆయనకు నోబెల్ బహుమానం లభించింది. నేటికీ హార్మోను చికిత్సకు మూలసూత్రం ఇదే.

ఆయుర్వేద గ్రంథాలలో ప్రస్తావన

సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం 58వ అధ్యాయంలో మూత్రాఘాతాలు 12 విధాలుగా వర్ణింపబడ్డాయి. వాటిలో వాతాష్ఠీల ఒకటి. వస్తికి, మలమార్గానికి మధ్య వాయువు చేరి రాయి వంటి గట్టి గ్రంథిని కలిగించి మలమూత్రాలను, వాయువును అడ్డగిస్తుందని అక్కడ చెప్పబడింది. స్థానాన్ని, లక్షణాలను బట్టి దీనిని నేటి పౌరుష గ్రంథి వాపుతో పలువురు వైద్యులు పోల్చుతారు. ఆ కాలంలోనే ఇంత సూక్ష్మంగా గమనించడం ప్రశంసనీయం. అయితే గ్రంథి ఎందువలన గట్టిపడిందో, అందులో క్యాన్సర్ కణాలు ఉన్నవో లేవో తెలుసుకొనే సాధనాలు ఆనాటి వైద్యులకు లేవు. నేడు మనకు ఉన్నాయి. కనుక వాతాష్ఠీల అని పేరు పెట్టి చికిత్స ఆరంభించడానికి ముందే ఆ పరీక్షలు చేయించుకొనడం వివేకం.

వాపు వేరు, క్యాన్సర్ వేరు

గ్రంథి నిర్మాణాన్ని అర్థం చేసుకొంటే ఈ వ్యాధి ఎందుకు దాగి ఉంటుందో తెలుస్తుంది. వయసుతో వచ్చే సాధారణ వాపు గ్రంథి మధ్యభాగంలో, మూత్రనాళాన్ని ఆనుకొని ఉన్న కణజాలంలో కలుగుతుంది. అందుచేత అది కొద్దిగా పెరిగినా నాళాన్ని నొక్కి మూత్రానికి అడ్డు తగులుతుంది. రోగికి వెంటనే తెలుస్తుంది.

క్యాన్సర్ సంగతి వేరు. సుమారు 70 శాతం పౌరుష గ్రంథి క్యాన్సర్లు గ్రంథి వెలుపలి అంచున, పురీషనాళం వైపు ఉన్న భాగంలో ఆరంభమవుతాయి. అక్కడి నుండి మూత్రనాళం దూరం. కణితి ఏర్పడి సంవత్సరాలు గడిచినా మూత్రధారలో మార్పు ఉండకపోవచ్చు. నొప్పి కూడా ఉండదు. అందువలన మూత్రం చక్కగా వస్తున్నంత మాత్రాన క్యాన్సర్ లేదని చెప్పలేము. మూత్రం అడ్డగించినంత మాత్రాన క్యాన్సర్ ఉన్నదనీ చెప్పలేము. సాధారణ వాపు కాలక్రమాన క్యాన్సరుగా మారదు. కాని ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు.

హెచ్చరిక లక్షణాలు

ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా వైద్యుని సంప్రదించాలి.

1. పగలు, రాత్రి మాటిమాటికీ మూత్రానికి వెళ్ళవలసి రావడం. ముఖ్యంగా ఇది కొద్ది నెలలలోనే కొత్తగా ఆరంభమై పెరుగుతూ ఉండడం.

2. మూత్రం ఆరంభం కావడానికి నిరీక్షించవలసి రావడం, ముక్కవలసి రావడం, ధార బలహీనపడడం, మధ్యలో ఆగి ఆగి రావడం.

3. మూత్ర విసర్జన తరువాత కూడా ఇంకా మిగిలి ఉన్నట్లు అనిపించడం, చుక్కలు చుక్కలుగా పడడం.

4. మూత్రంలో గాని, శుక్రంలో గాని రక్తం కనిపించడం. ఒక్కసారి కనిపించి ఆగిపోయినా ఉపేక్షించరాదు. మూత్రంలో రక్తం మూత్రాశయ క్యాన్సరుకు, మూత్రపిండాల వ్యాధులకు కూడా సూచన కావచ్చు.

5. అంగస్తంభనలో కొత్తగా లోపం ఏర్పడడం. దీనికి మధుమేహం, రక్తపోటు, మానసిక ఆందోళన వంటి కారణాలు అనేకం ఉన్నా ఇతర లక్షణాలతో కలిసి వచ్చినప్పుడు వైద్యునికి చెప్పాలి.

6. నడుము, తుంటి, తొడ ఎముకలు, ప్రక్కటెముకలలో విడవకుండా ఉండే నొప్పి.

7. కారణం లేకుండా బరువు తగ్గడం, ఆకలి మందగించడం, విపరీతమైన నీరసం, రక్తహీనత, కాళ్ళ వాపు.

మొదటి మూడు లక్షణాలు ఎక్కువగా సాధారణ వాపు వలననే కలుగుతాయి. చివరి రెండు మాత్రం వ్యాధి గ్రంథిని దాటి వ్యాపించిన తరువాత కనిపించేవి. అంటే లక్షణాల కోసం వేచి ఉండేవారికి వ్యాధి ఆలస్యంగా తెలిసే ప్రమాదం ఉన్నది.

నడుము నొప్పిని గురించి ప్రత్యేకంగా

మన ఇళ్ళలో వృద్ధులకు నడుము నొప్పి అనగానే వాతం అనుకొంటారు. తైలమర్దనం, కాపడం, నొప్పి మాత్రలతో నెలలు గడుస్తాయి. పౌరుష గ్రంథి క్యాన్సర్ వ్యాపించేటప్పుడు తరచుగా చేరేది ఎముకలకే. అందులోనూ వెన్నెముకకు, కటి ఎముకలకు. సాధారణ నడుము నొప్పి శ్రమతో పెరిగి విశ్రాంతితో తగ్గుతుంది. ఎముకలకు ప్రాకిన క్యాన్సర్ నొప్పి పడుకొన్నప్పుడు కూడా వదలదు. రాత్రివేళ నిద్ర నుండి లేపుతుంది. వారం వారం పెరుగుతుంది. 50 దాటిన పురుషునికి ఇటువంటి నొప్పి కొత్తగా వచ్చి మూడు నాలుగు వారాలకు తగ్గకపోతే తైలం సీసా ప్రక్కన పెట్టి వైద్యుని వద్దకు వెళ్ళాలి. ఎముక బలహీనపడిన స్థితిలో గట్టిగా మర్దించడం, వెన్ను విరిపించుకొనడం వలన ఎముక విరిగే ప్రమాదం కూడా ఉంది.

నడుము నొప్పితో పాటు కాళ్ళలో బలం తగ్గడం, నడక తడబడడం, కూర్చునే భాగంలో స్పర్శ తెలియకపోవడం, మూత్రం లేదా మలం పట్టు తప్పడం జరిగితే అది అత్యవసర స్థితి. వెన్నుపాము నొక్కుకొనిపోయిందని అర్థం. ఆ రోజే ఆసుపత్రికి చేర్చాలి. ఆలస్యమైతే కాళ్ళు శాశ్వతంగా చచ్చుబడిపోవచ్చు.

ఎవరికి అధికంగా వస్తుంది?

2022 ప్రపంచ లెక్కల ప్రకారం ఆ ఒక్క సంవత్సరంలో సుమారు 14.7 లక్షల మందికి ఈ వ్యాధి కొత్తగా కనుగొనబడింది; సుమారు 4 లక్షల మంది మరణించారు. పురుషులకు వచ్చే క్యాన్సర్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తరువాతి స్థానం దీనిదే. పాశ్చాత్య దేశాలతో పోల్చితే మన దేశంలో దీని రేటు తక్కువ. కాని మన దగ్గర చాలామంది వ్యాధి ముదిరిన తరువాతనే ఆసుపత్రికి వస్తున్నారు.

వయసు ప్రధాన కారణం. 50 లోపువారిలో అరుదు. 65 దాటినవారిలో అధికం. తండ్రికి గాని, అన్నదమ్ములకు గాని ఈ వ్యాధి ఉంటే ముప్పు రెట్టింపు లేదా అంతకంటె ఎక్కువ అవుతుంది. మరొక విషయం చాలా కుటుంబాలకు తెలియదు. తల్లికి, అక్కచెల్లెళ్ళకు రొమ్ము క్యాన్సర్ లేదా అండాశయ క్యాన్సర్ వచ్చిన ఇంటిలో బి.ఆర్.సి.ఎ.2 అనే జన్యువులోని లోపం వంశపారంపర్యంగా ఉండవచ్చు. ఆ లోపం సంక్రమించిన మగవారికి పౌరుష గ్రంథి క్యాన్సర్ వచ్చే అవకాశం అధికం. తీవ్రమైన రూపంలో కూడా రావచ్చు. కనుక ఆడవారి వ్యాధి చరిత్రను కూడా వైద్యునికి తెలుపవలెను.

ఇది అంటువ్యాధి కాదు. దాంపత్య జీవితం వలన భార్యకు సోకదు.

పరీక్షలు ఏవి?

వేలితో పరీక్ష: వైద్యుడు చేతితొడుగు ధరించి మలద్వారం ద్వారా వేలితో గ్రంథిని తాకి చూస్తాడు. ఒక నిమిషం కూడా పట్టదు. క్యాన్సర్ ఆరంభమయ్యే వెనుకభాగం వేలికి అందుతుంది. గట్టి గడ్డ, ఎగుడుదిగుడు తగిలితే అనుమానించవలసి ఉంటుంది. సిగ్గుతో ఈ పరీక్షను తప్పించుకొనేవారు చాలామంది ఉన్నారు. అయితే చిన్న కణితులు, ముందువైపున ఉన్నవి వేలికి దొరకవు. గడ్డ తగలనంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు.

పి.ఎస్.ఎ. రక్తపరీక్ష: పౌరుష గ్రంథి కణాల నుండి వచ్చే ఒక మాంసకృత్తును రక్తంలో కొలుస్తారు. ఒక మిల్లీలీటరుకు 4 నానోగ్రాముల లోపు ఉంటే సాధారణమని చాలాకాలంగా వాడుక. కాని ఇది క్యాన్సరుకు మాత్రమే ప్రత్యేకమైన పరీక్ష కాదు. సాధారణ వాపు, గ్రంథికి చీము పట్టడం, మూత్రం బిగియడం, మూత్రనాళంలో గొట్టం వేయడం వలన కూడా అంకె పెరుగుతుంది. 4 నుండి 10 మధ్య ఉన్నవారిలో బయాప్సీ చేస్తే సుమారు నలుగురిలో ఒకరికి మాత్రమే క్యాన్సర్ కనిపిస్తుంది. మరొకప్రక్క 4 లోపు ఉన్నవారిలో కూడా కొందరికి క్యాన్సర్ ఉండవచ్చు.

ఈ పరీక్షకు ముందు రెండు రోజులు దాంపత్య సంబంధం, సైకిల్ తొక్కడం మానవలెను. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే అది తగ్గిన ఆరు వారాల తరువాత చేయించుకొనడం మంచిది. గ్రంథి వాపుకు ఫినాస్టరైడ్ లేదా డ్యుటాస్టరైడ్ మాత్రలు వాడుతున్నవారిలో ఈ అంకె సుమారు సగానికి పడిపోతుంది. ఆ సంగతి చెప్పకపోతే వైద్యుడు పొరబడే అవకాశం ఉన్నది.

ఎం.ఆర్.ఐ., బయాప్సీ: అనుమానం కలిగినప్పుడు ముందుగా గ్రంథికి ఎం.ఆర్.ఐ. స్కాన్ తీసి, అనుమానాస్పదమైన చోట నుండి సూదితో చిన్న ముక్కలు తీసి పరీక్షిస్తారు. క్యాన్సర్ ఉన్నదీ లేనిదీ నిర్ధారణ చేసేది ఈ ముక్క పరీక్షే. సూది తగిలితే క్యాన్సర్ ఒళ్ళంతా ప్రాకుతుందనే భయం మన సమాజంలో బలంగా ఉంది. ఈ గ్రంథి విషయంలో అటువంటిది అత్యంత అరుదు. ఆ భయంతో ఆలస్యం చేయడం వలన కలిగే నష్టం మాత్రం చాలా పెద్దది.

లక్షణాలు లేనివారు కూడా పి.ఎస్.ఎ. చేయించుకొనవలెనా అన్నది తరచుగా వచ్చే ప్రశ్న. 2018లో అమెరికా నివారణ సేవల బృందం చేసిన సూచన ప్రకారం, 55 నుండి 69 సంవత్సరాల వయసువారు లాభనష్టాలను వైద్యునితో చర్చించి నిర్ణయించుకొనాలి. 70 దాటినవారిలో లక్షణాలు లేనప్పుడు మామూలుగా ఈ పరీక్ష అవసరం లేదని ఆ బృందం అభిప్రాయం. కుటుంబంలో వ్యాధి చరిత్ర ఉన్నవారు ఇంకా ముందుగానే, 40–45 ప్రాంతంలో, వైద్యునితో మాట్లాడటం మంచిది. లక్షణాలు ఉన్నవారికి ఈ వయోపరిమితులు వర్తించవు.

క్యాన్సర్ అని తేలితే

ఈ మాట వినగానే ఇల్లంతా కుప్పకూలవలసిన అవసరం లేదు. పౌరుష గ్రంథి క్యాన్సర్లలో అనేకం నత్తనడకన సాగేవి. బయాప్సీ ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి కణాల స్వభావాన్ని బట్టి గ్లీసన్ అంకె ఇస్తారు. 6 అంటే నెమ్మదైన రకం. 8 నుండి 10 అంటే ఉద్ధృతమైన రకం. ఈ అంకె, పి.ఎస్.ఎ., వ్యాపించిన మేర, రోగి వయసు, ఇతర జబ్బులు అన్నీ కలిపి చికిత్స నిర్ణయిస్తారు.

తక్కువ ముప్పు ఉన్నవారికి వెంటనే చికిత్స చేయకుండా నిర్ణీత కాలాలలో పరీక్షిస్తూ కనిపెట్టి ఉండవచ్చు. ఇతరులకు శస్త్రచికిత్స లేదా రేడియేషన్ ఉంటుంది. బ్రిటన్‌లో గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని ఈ మూడు పద్ధతులలో విభజించి సుమారు 15 సంవత్సరాలు గమనించిన అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. ఏ పద్ధతిలోనైనా ఈ క్యాన్సర్ వలన మరణించినవారు నూటికి సుమారు ముగ్గురే. వ్యాధి ముందుగా తెలిసినవారికి తొందరపడకుండా ఆలోచించుకొనే వ్యవధి ఉంటుందని దీని వలన అర్థమవుతున్నది. ఆ వ్యవధిని వైద్యుని పర్యవేక్షణలోనే గడపాలి. కనిపెట్టి ఉండడం అంటే ఇంటి మందులతో ఊరుకొనడం అని ఎవరూ భావించరాదు.

వ్యాధి వ్యాపించిన దశలో వృషణాల హార్మోనును అణచే ఇంజెక్షన్లు లేదా చిన్న శస్త్రచికిత్స, కొత్త మాత్రలు, కీమోథెరపీ ఉన్నాయి. ఇవి వ్యాధిని పూర్తిగా తొలగించలేకపోయినా చాలామందికి సంవత్సరాల తరబడి ఉపశమనం కలిగిస్తాయి. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్, విశాఖపట్నంలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి సంస్థలలో క్యాన్సర్ చికిత్స లభిస్తున్నది.

ఇంటి వైద్యం ఎంతవరకు?

పరీక్షలలో క్యాన్సర్ లేదని, మూత్రాశయం సక్రమంగా ఖాళీ అవుతున్నదని తేలిన తరువాత సాధారణ వాపు వలన కలిగే ఇబ్బందికి ఈ నియమాలు తోడ్పడతాయి.

• నీరు పగటిపూట తాగి, పడుకొనడానికి రెండు మూడు గంటల ముందు తగ్గించాలి. సాయంత్రం తరువాత కాఫీ, టీ మానాలి.

• మూత్రవేగాన్ని ఆపుకొనరాదు. వేగధారణం అనేక వ్యాధులకు మూలమని ఆయుర్వేదం హెచ్చరించింది.

• ఒకసారి మూత్రం పోసిన తరువాత ఒకటి రెండు నిమిషాలు ఆగి మరల ప్రయత్నించాలి.

• మలబద్ధకం లేకుండా చూసుకొనాలి. ఆకుకూరలు, పండ్లు, పీచు ఉన్న ధాన్యాలు ఇందుకు ఉపకరిస్తాయి.

• కటిస్నానం కొందరికి హాయినిస్తుంది. గోరువెచ్చని నీటిలో 10–15 నిమిషాలు కూర్చుంటే చాలు.

• పల్లేరు కాయల కషాయం, ఉలిమిరి పట్ట, పునర్నవ మన సంప్రదాయంలో మూత్రవ్యాధులకు వాడేవి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, రక్తపోటుకు మాత్రలు వాడేవారు వైద్యుని అనుమతి లేనిదే వీటిని సేవించరాదు.

మూత్రం పూర్తిగా బిగిసి, పొత్తికడుపు ఉబ్బి, బాధపడుతున్న మనిషికి బార్లీ నీరు, కషాయాలు పట్టించరాదు. వెళ్ళే దారి మూసుకొన్నప్పుడు లోపల నీరు పెంచడం బాధను పెంచడమే అవుతుంది. వెంటనే ఆసుపత్రిలో గొట్టం వేయించాలి. జలుబుకు, అలర్జీకి అంగడిలో కొనే కొన్ని మాత్రలు కూడా గ్రంథి వాపు ఉన్నవారికి మూత్రం బిగిసేటట్లు చేస్తాయి.

క్యాన్సర్ ఉన్నవారు అశ్వగంధ వంటివి, వీర్యవృద్ధికి అని ప్రచారం చేసే లేహ్యాలు, గుళికలు స్వయంగా వాడరాదు. పురుష హార్మోనును తగ్గించడమే చికిత్స అయినప్పుడు దానిని పెంచే అవకాశం ఉన్న మందులు వ్యతిరేకంగా పనిచేయవచ్చు. విటమిన్ మాత్రలు నిరపాయమైనవన్న నమ్మకం కూడా సరి కాదు. క్యాన్సరును నివారిస్తుందని భావించి విటమిన్ ఇ అధిక మోతాదులో ఇచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, తీసుకొనని వారికంటె తీసుకొన్నవారిలో పౌరుష గ్రంథి క్యాన్సర్ 17 శాతం అధికంగా కనిపించినట్లు 2011లో వెల్లడైంది. పసుపు, టమాట, దానిమ్మ ఆహారంగా మంచివే. వాటితో ఈ క్యాన్సర్ నయమవుతుందని ఎక్కడా నిరూపణ కాలేదు.

కుటుంబ సభ్యులకు సూచన

ఇంటి పెద్దలు ఈ బాధలను నోరు తెరచి చెప్పుకొనరు. కోడలు వింటుందని, కొడుకుకు ఖర్చని, ఈ వయసులో ఇవేమి పరీక్షలని మౌనంగా భరిస్తారు. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో మొదట గమనించేది సహధర్మచారిణి. ఆమె సంకోచించకుండా కొడుకుకు గాని, అల్లునికి గాని చెప్పాలి. కొడుకు తండ్రిని వెంటబెట్టుకొని వెళ్ళాలి. వైద్యునితో ఏకాంతంగా మాట్లాడే అవకాశం ఆయనకు కల్పించాలి. వెళ్ళేముందు మూడు రోజులపాటు ఎన్ని గంటలకు మూత్రానికి వెళ్ళినదీ, ఎంత నీరు తాగినదీ ఒక కాగితం మీద వ్రాసుకొనడం మంచిది. వాడుతున్న మందులన్నీ, చూర్ణాలు, లేహ్యాలతో సహా, సంచిలో వేసి తీసుకొని వెళ్ళాలి. రక్తసంబంధీకులలో ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చినదీ, ఏ వయసులో వచ్చినదీ తెలుసుకొని చెప్పాలి.

పరీక్షలలో సాధారణ వాపేనని తేలితే పైన చెప్పిన నియమాలతో, వైద్యుడు ఇచ్చిన మందులతో నిశ్చింతగా ఉండవచ్చు. క్యాన్సర్ అని తేలితే, గ్రంథి దాటకముందే తెలిసినందువలన నయం చేసుకొనే అవకాశం అధికంగా ఉంటుంది. ఏ విధంగా చూసినా పరీక్షను వాయిదా వేయడం వలన రోగికి ఒనగూడే మేలు లేదు.